సిరప్ సీసా మీద గీత

మా అత్తగారికి సీసాల మీద గీతలు గీసే అలవాటు ఉంది. నూనె, తేనె, దగ్గు మందు, జ్వరం మందు, ఆఖరికి బాత్రూమ్‌లో ఫినాయిలుతో సహా ఇంట్లో మూత ఉన్న ప్రతి సీసా మీదా పెన్సిల్ గీత ఉంటుంది. లోపలిది ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక గీత, వాడిన ప్రతిసారీ దాని కింద ఇంకో గీత, పక్కన తారీకు. చెవి వెనక పెన్సిల్ ముక్క పెట్టుకుని తిరిగే ఆవిణ్ణి చూసి, మీ అత్తగారు వడ్రంగం చేస్తారా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ గీతలు చూసి, నన్ను దొంగ కింద జమకట్టిందని ఒక పూటంతా ఏడ్చాను. తొమ్మిదేళ్ళకు ఏడుపు ఆగింది గానీ, గీత కనిపిస్తే ఒళ్ళు మండడం మాత్రం ఆగలేదు.

ఆవిడ ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేసింది. అక్కడి దూది దుమ్ము ఛాతీలో చేరి ఉండిపోయింది. మామూలు రోజుల్లో ఆవిడ బాగానే ఉంటుంది, కాకపోతే నవ్వితే దగ్గు వస్తుంది. నవ్వు ఎంత ఉంటే దగ్గు అంత. అందుకని చలికాలంలో మా ఇంట్లో జోకులు బంద్. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడు ఏదో ఒకటి అని తల్లిని నవ్వించబోతే, నేను కళ్ళెర్రజేసి ఆపుతాను.

ఆ ఏడు చలి మొదలవుతుండగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆవిడకు ఫ్లూ టీకా వేసి, నన్ను బయటికి పిలిచాడు.

"చూడమ్మా, టీకా సగం కాపలానే. మిగతా సగం మీరు కాయాలి. ఈవిడకి ఫ్లూ అంటుకుంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. దాచి చెప్పడం నాకు రాదు."

నాకు అర్థమయింది. అర్థమయినంతగా భయం కూడా వేసింది, ఎందుకంటే ఫ్లూ పుట్టిల్లు ఏదంటే బడి. నేను పనిచేసేది అక్కడే. మా పిడుగు రెండో తరగతి చదివేది కూడా అక్కడే. దాని అసలు పేరు పిలిచేది హాజరు వేసే టీచరమ్మ ఒక్కతే, మిగతా లోకానికంతా అది పిడుగే.

బడిలో నేను గుమస్తాను. చలికాలం వస్తే నాకు ఇంకో ఉద్యోగం అంటగట్టారు. పొద్దున ఎనిమిదిన్నరకు గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బిడ్డ నుదుటికీ థర్మామీటరు గురిపెట్టాలి. నూరు దాటితే వెనక్కి పంపాలి. నాకు ఆ పని నచ్చింది, అబద్ధమెందుకు. నూరు మీద ఒక గీటు ఎక్కువున్నా నేను కరిగేదాన్ని కాదు. "మేడమ్, ఎండలో నడిచొచ్చాడు, అందుకే వేడి" అని ఒక తండ్రి అంటే, "మంచులో ఎండెక్కడిదండీ" అని పంపించేశాను. పిల్లలు నాకు జ్వరం మేడమ్ అని పేరు పెట్టారు. నేను గేటు దగ్గర ఉన్నంతకాలం ఫ్లూ లోపలికి ఎలా వస్తుందో చూద్దామనుకున్నాను. గేట్లోంచే వచ్చింది.

ఇంట్లోనూ చట్టాలు పెట్టాను. చెప్పులు గుమ్మం బయటే. రాగానే సబ్బుతో చేతులు, మోచేతుల దాకా. బడి బట్టలు విప్పి బకెట్లో పడేశాకే నానమ్మ దగ్గరికి వెళ్ళాలి. పిడుగు అన్నీ పాటించేది, కాకపోతే చేతులు కడుగుతున్నంతసేపూ "నానమ్మా, వస్తున్నా, వస్తున్నా" అని వీధి చివరికి వినబడేలా అరిచేది.

డిసెంబరు ఆరో తారీకు పొద్దున పిడుగును లేపుతుంటే నా చెయ్యి చురుక్కుమంది.

థర్మామీటరు పెడితే నూటొకటి. మంచం అంచున కూర్చున్నాను. మా ఆయన రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉన్నాడు. నా సెలవులన్నీ అంతకుముందు నెలలో అత్తగారి పరీక్షలకే అయిపోయాయి. పోనీ పిల్లను ఇంట్లో ఉంచి నేను వెళ్దామంటే, ఇంట్లో ఉండేది ఎవరు? అత్తగారు. నానమ్మ కనిపిస్తే ఆ పిల్ల ఒళ్ళోకి ఎక్కకుండా ఉండదు. ఒంట్లో బాగోలేకపోతే అసలే దిగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది. పిల్ల ఇంట్లో ఉండకూడదు. అంతవరకే నా బుర్ర పనిచేసింది. ఇంట్లో ఉండకూడదంటే ఇంకెక్కడ ఉండాలి?

వంటింట్లోకి వెళ్ళి జ్వరం సిరప్ తీసి, ఒక మూతెడు పట్టించాను. తియ్యగా ఉంటుంది కాబట్టి పిడుగు మూత నాకింది కూడా. నేను సీసా అరలో పెట్టి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో ఉంది.

"పిల్ల మొహం అదోలా ఉందేమిటమ్మాయ్?"

"నిద్ర చాల్లేదత్తయ్యా."

"చెయ్యి పట్టుకుని చూడనీ."

"ఇప్పుడు వద్దు," అని అడ్డం వచ్చాను. "బడికి టైమవుతోంది. ప్రతిదానికీ మీరు ఆరా తియ్యకండి. సీసాలకి గీతలు గీసింది చాలదా, ఇప్పుడు నా పిల్లకి కూడా గీస్తారా?"

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. తప్పు చేస్తున్నవాళ్ళకు నోరు పెద్దదవుతుంది కాబోలు. ఆవిడ పక్కకు జరిగింది. పిల్లకు దూరం నుంచే చెయ్యి ఊపింది.

ఎనిమిదిన్నరకు గేటు దగ్గర వరసలో మా పిడుగు వంతు వచ్చింది. అందరి ముందూ దాని నుదుటికి థర్మామీటరు పెట్టాను. తొంభై ఎనిమిదిన్నర. "పద," అన్నాను. కంచే చేను మెయ్యడమంటే ఇదే. వెనకాల మా వీధిలో సెలూన్ నడిపే ఆయన కూతురు, పిడుగుకు బెంచీ నేస్తం, తన వంతు కోసం చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంది. దానికీ తొంభై ఎనిమిదే. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి పరిగెత్తారు.

పదకొండుంబావుకు టీచరమ్మ పిడుగును చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకొచ్చింది. పిల్ల బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు నిలవడం లేదు.

"మీ అమ్మాయికి ఒళ్ళు కాలిపోతోందండీ. పొద్దున గేటు దగ్గర బాగానే ఉందా?"

"బాగానే ఉంది," అన్నాను. నూటరెండున్నర చూపిస్తోంది థర్మామీటరు.

పిడుగును నా కుర్చీలో పడుకోబెట్టి నా కోటు కప్పాను. పది నిమిషాలు కాకముందే సెలూన్ ఆయన కూతురు కూడా వచ్చింది, ఆ వెనకే ఇంకొకడు. జ్వరమొచ్చి మధ్యలో ఇంటికి పంపిన పిల్లల పేర్లు నేనే ఒక పుస్తకంలో రాస్తాను, పేరు పక్కన టైముతో. ఆ ముగ్గురి పేర్లూ రాయడానికి పుస్తకం తెరిచాను. పదకొండుంబావు. పదకొండూ ఇరవై. పదకొండున్నర. పై పేజీ చూశాను. పదకొండు, పదకొండూ నలభై, పన్నెండుకు పది తక్కువ. అంతకు ముందు పేజీ కూడా అంతే. రెండు వారాలుగా, తొమ్మిదింటికి గానీ పదింటికి గానీ జ్వరమొచ్చిన బిడ్డ ఒక్కడూ లేడు. ఫ్లూ ఏమన్నా గడియారం చూసుకుని వస్తుందా?

సిరప్ పని చేసేది నాలుగైదు గంటలు. పొద్దున ఏడింటికి పట్టిస్తే పదకొండు దాటాక దిగిపోతుంది. ఆ పుస్తకంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ నాలాంటి తల్లో తండ్రో పొద్దున్నే మూతెడు పట్టించి పంపుతున్నారు. నేను గేటు దగ్గర కొలుస్తున్నది పిల్లల జ్వరం కాదు, వాళ్ళ అమ్మల మందు. పుస్తకం మూసేశాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఈ పిల్లను ఇప్పుడు ఇంటికే తీసుకెళ్ళాలని.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. అత్తగారు ఎదురొస్తుంది, పిల్ల పరిగెత్తి వాటేసుకుంటుంది, నేను ఆపలేను. పిల్లను భుజానికి గట్టిగా అదిమి పట్టుకుని తలుపు తోశాను. ముందుగదిలో ఎవరూ లేరు. అత్తగారి గది తలుపు లోపల గడియ వేసి ఉంది.

"అత్తయ్యా?"

"లోపలున్నానమ్మా. మోకాళ్ళు పట్టేశాయి. కొన్నాళ్ళు గదిలోనే ఉంటాను. కంచం గుమ్మం దగ్గర పెట్టు, చాలు."

"అత్తయ్యా, పిల్లకి జ్వరం. తలుపు తియ్యకండి."

"సరే," అంది ఆవిడ. అంతే, ఇంకేమీ అడగలేదు.

పొద్దున నేనన్న మాటకు అలిగిందనుకున్నాను. మా అత్తగారి అలక మామూలుది కాదు. ఒకసారి మా ఆయన మాటిచ్చిన రోజుకు ఇంటికి రాలేదని నాలుగు రోజులు ఆయనతో గోడకు చెప్పినట్టు మాట్లాడింది. ఏమైనా ఆ రోజు ఆవిడ అలకకు దణ్ణం పెట్టుకున్నాను. ఎంతకాలం అలిగితే అంత మంచిదనుకున్నాను.

అలా పన్నెండు రోజులు గడిచాయి. జీతం కోతకు ఒప్పుకుని మొదటి ఐదు రోజులు నేనూ ఇంట్లోనే ఉన్నాను. గుమ్మం ముందు స్టూలు వేశాను. కంచం పెట్టి, రెండుసార్లు తట్టి, ఇవతలికి వచ్చేదాన్ని. గడియ చప్పుడు, కంచం చప్పుడు, మళ్ళీ గడియ చప్పుడు వినబడేవి. ఆవిడ గది కిటికీ పెరట్లోకి ఉంటుంది, చలిలో కూడా అది తెరిచే ఉంచుకుంది. పిడుగు మూడో రోజుకు లేచి కూర్చుని, నానమ్మకు బొమ్మలు వేసి తలుపు కింది సందులోంచి పంపించబోయింది. నేను మొదటి బొమ్మ చూసి కెవ్వుమని లాక్కున్నాను. తరవాత బొమ్మల్ని పెరట్లో నిలబడి దూరం నుంచి ఎత్తి చూపించే ఏర్పాటు చేశాను. లోపలి నుంచి విమర్శ వచ్చేది: "ఈ గుర్రానికి ఐదు కాళ్ళెందుకే?" "ఒకటి తోకే నానమ్మా."

మా ఆయన మూడో రోజు వచ్చాడు. లారీ ఎవరికో అప్పగించి, పిల్ల దగ్గర కూర్చున్నాడు. నేను మూతికి గుడ్డ కట్టుకుని ఇంట్లో తిరుగుతుంటే, "దారి దోపిడీకి వెళ్తున్నావా?" అన్నాడు. ఇంకొకప్పుడైతే తిట్టేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు, తిట్టే ఓపికా లేదు. సిరప్ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆవిడ దగ్గు వినిపించింది. ఒకసారి కాదు, ఆగకుండా. నేను గిన్నె తోముతున్నదాన్ని అలాగే వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"అత్తయ్యా, జ్వరముందా? ఒళ్ళు నొప్పులున్నాయా? చెప్పండి."

దగ్గు ఆగలేదు. మా ఆయన పక్క వీధిలో ఉండే నర్సమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ మాస్కు సరిచేసుకుని లోపలికి వెళ్ళింది. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినబడలేదు. నా వల్లే, నా మూతెడు మందు వల్లే అనుకుంటూ ఉన్నాను. ఆ నిలబడినంతసేపు నాకు నేను వేసుకున్న శిక్ష ఇంకెవరూ వెయ్యలేరు. పది నిమిషాల తరవాత నర్సమ్మ బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"జ్వరం లేదు, ఊపిరి మామూలుగానే ఉంది. ఇది పాత దగ్గేనమ్మా. మీ ఆయన కిటికీ దగ్గర నిలబడి ఏదో జోకు చెప్పాడంట."

మా ఆయన తల వంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను గోడ కిందే కూలబడి, మనసారా ఏడ్చాను.

ఆ శనివారం బడిలో పెద్ద మేడమ్ పిల్లల తల్లిదండ్రులను పిలిచింది. రెండో తరగతిలో పదకొండు మంది పడకేశారు, మూడో తరగతిలో తొమ్మిది మంది. పెద్ద మేడమ్ రిటైరు కావడానికి రెండేళ్ళుంది, ఒక్క మరకా లేకుండా దిగిపోవాలని ఆవిడ పట్టుదల. బల్ల మీద చెయ్యి పెట్టి అడిగింది:

"గేటు దగ్గర ఒక్కరిని కూడా వదలకుండా చూస్తున్నాం. మరి పొద్దున బాగున్న పిల్లలకి పదకొండింటికి జ్వరమెలా వస్తోంది? తరగతి గదుల్లో ఏమైనా ఉందా? నీళ్ళలో ఉందా? ఎవరైనా చెప్పగలరా?"

హాలంతా తేలు కుట్టిన దొంగలా ఉంది. ఒకాయన పైకప్పు వైపు చూశాడు. బట్టల షాపులో పనిచేసే ఆవిడ సంచీలో ఏదో వెతుక్కుంటోంది, ఎంతకీ దొరకడం లేదు. అందరి మొహాలూ చూశాను. అందరివీ ఆ పొద్దుటి నా మొహంలాగే ఉన్నాయి. నేను మూలన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. లేచే ఉద్దేశం లేదు, కానీ లేచాను.

"నీళ్ళలో ఏం లేదు మేడమ్. మా పిల్లకి ఏడింటికి సిరప్ పట్టించి పంపాను. గేటు దగ్గర నేనే చూసి నేనే లోపలికి పంపాను."

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి సెలూన్ ఆయన గొంతు వినిపించింది.

"మేమూ అంతేనండి. షాపు మూస్తే కుదరదు, దానికి తల్లి లేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఎలా వదలను?"

"పిల్లని మూడు రోజులు దాటి బడి మాన్పిస్తే డాక్టరు చీటీ తెమ్మంటారు," అంది బట్టల షాపు ఆవిడ, సంచీ మూసేసి. "ఆ చీటీ కోసం ఒక పూట క్యూలో నిలబడాలి. నాకు ఆ పూట సెలవెవరిస్తారు?"

ఆ తరవాత ఎవరూ ఆగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కాదు, భుజాల మీది గుమ్మడికాయలు దించుకున్నట్టుంది. పెద్ద మేడమ్ అందరూ చెప్పేదాకా విన్నది. తరవాత నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి, డాక్టరు చీటీ గురించి ఆవిడే స్వయంగా రాసిన కాగితం ఊడదీసి, మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇంకేం చెయ్యాలో చెప్పండి," అంది నాతో. "గేటు దగ్గరుండేది మీరేగా."

చెప్పాను. పొద్దున కాదు, పదకొండింటికి తరగతి తరగతికీ వెళ్ళి చూడాలన్నాను. మందు వెయ్యకుండా ఒక రోజంతా జ్వరం లేకపోతేనే మళ్ళీ రావాలన్నాను. విరిగిన బెంచీలు పడేసిన గదిని ఆ మరుసటి రోజే అందరం కలిసి ఖాళీ చేశాం. అట్టలు కొట్టి మూసేసిన కిటికీలను సెలూన్ ఆయన సుత్తితో తెరిచాడు. రెండు మంచాలు వేశాం. జ్వరమొచ్చిన పిల్ల పెద్దవాళ్ళు వచ్చేదాకా అక్కడ ఉంటుంది, పక్కన రోజుకొకరు తల్లో తండ్రో కూర్చుంటారు. ఇంట్లో చూసేవాళ్ళు లేని పిల్లల కోసం ఎవరు ఏ రోజు ఖాళీయో ఒక కాగితం మీద రాసుకున్నాం. చేతులు కడిగే కుళాయి దగ్గర కొత్త సబ్బులు పెట్టాం. పిల్లలు ఒకరి మొహం మీద ఒకరు కాకుండా మోచేతిలోకి తుమ్మడం వారంలో నేర్చుకున్నారు. నేర్చుకున్నాక తుమ్ము రాకపోయినా తుమ్మేవారు. జ్వరాల పుస్తకంలో నెలాఖరుకు పేజీకి మూడు పేర్లు, తరవాత ఒకటి, తరవాత ఏమీ లేదు. నా కొత్త పేరు పదకొండు గంటల మేడమ్.

పదమూడో రోజున అత్తగారి గది గడియ తీసిన చప్పుడు వినబడింది. పిడుగు పరిగెత్తబోయి, సగం దారిలో ఆగి, వెనక్కి వెళ్ళి చేతులు కడుక్కుని, అప్పుడు ఒళ్ళోకి ఎక్కింది. ఆవిడ కొంచెం చిక్కింది, కానీ గొంతు గట్టిగానే ఉంది. ముందు నా వంటిల్లంతా ఒకసారి చూసింది.

సిరప్ సీసా ఖాళీ అయిపోయి అరలో మూలన ఉంది. పారేద్దామని తీశాను. పడేసే ముందు చేతిలో తిప్పాను, అప్పుడు కనిపించింది. పై గీత పక్కన అక్టోబరు తారీకు ఉంది. దానికి సరిగ్గా ఒక మూతెడు కింద ఇంకో గీత, వణుకుతున్న చిన్న అక్షరాలతో: డిసెంబరు 6, పొద్దున.

ఆ రోజు మేమిద్దరం బడికి వెళ్ళాక గీసింది. గీసి, చూసి, నీళ్ళ కూజా తీసుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పీ కాదు, అలకా కాదు. సీసా పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. 

"తెలిసీ నన్ను అడగలేదేం అత్తయ్యా?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేదానివి. ఒకటి చాల్లే అనుకున్నా."

"తొమ్మిదేళ్ళుగా ఈ గీతలు నా మీద కాపలా అనుకున్నాను."

"నీ మీదా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మిల్లులో మిషను నూనె డబ్బా ఉండేది. షిఫ్టు దిగేటప్పుడు దాని మీద గీత గీసి వెళ్ళేదాన్ని. దొంగని పట్టుకోడానికా? తర్వాతి షిఫ్టు అమ్మాయి డబ్బా ఎత్తి ఊపి చూడక్కర్లేకుండా. నేను ఏం వదిలి వెళ్తున్నానో తనకి తెలియాలి కదమ్మా. ఆ రోజు నువ్వు చెప్పకపోయినా గీతే నాకు చెప్పింది."

 ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పదమూడు రోజుల తరవాత ఆ చెయ్యి ముట్టుకున్నాను, చల్లగా, మామూలుగా ఉంది. క్షమించమని అడిగాను. ఆవిడ విననట్టు పిల్ల జుట్టు సరిచేసింది.

సాయంత్రం కొత్త సిరప్ సీసా తెచ్చాను. మూత తియ్యకముందే ఆవిడ చెవి వెనక నుంచి పెన్సిల్ లాక్కుని, నిండుగా ఉన్న చోట నేనే గీత గీసి, తారీకు వేసి, అరలో పెట్టాను. అత్తగారు వచ్చి సీసా దీపం దగ్గరికి పట్టుకుని చూసింది.

"వంకరగా ఉంది," అంది. "తర్వాతి షిఫ్టుకి పనికిరాదు."

తన మాటకు తనే నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది, ఎప్పటి పాత దగ్గే. ఆ దగ్గు వింటూ వంటింటి గుమ్మంలో కూర్చుని, ఆ చలికాలంలో మొదటిసారి నేనూ నవ్వాను.